కొత్త లెన్స్ ఎడమవైపు సాఫ్ట్‌గా ఉంది, ఉంచుకోవాలా తిరిగి పంపాలా

ఆషాఢంలో పెళ్లిళ్లు ఉండవు కదా, శ్రావణం ముహూర్తాలు మొదలయ్యేలోపు చేతికి అలవాటవ్వాలని 24-70 ఎఫ్ 2.8 జూమ్ లెన్స్ కొత్తది (24 అంటే వెడల్పుగా, 70 అంటే దగ్గరగా చూపించేది, ఎఫ్ అంకె ఎంత చిన్నదైతే లెన్స్ అంత పెద్దగా తెరుచుకుంటుంది) ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టాను. వచ్చింది. బాక్స్ సీల్ బాగుంది, లోపల దుమ్ము లేదు, ఫోకస్ చప్పుడు లేకుండా టక్కున పడుతోంది, ఫ్రేమ్ మధ్యలో షార్ప్‌నెస్ చూస్తే నిజంగా ముచ్చటేసింది. కానీ 24 దగ్గర పెట్టి తీస్తే ఎడమవైపు చివర కుడివైపంత షార్ప్‌గా రావట్లేదు. ఫోన్‌లో చూస్తే ఎవరికీ తెలీదు, కంప్యూటర్‌లో వంద శాతానికి జూమ్ చేస్తే మాత్రం తెలిసిపోతోంది, ఒకసారి తెలిశాక ఇంక కన్ను అక్కడికే పోతోంది.

బ్రాండ్ పేరు రాయట్లేదు. ఇది ఏదో ఒక కంపెనీ సంగతి కాదు, నా చేతికొచ్చిన ఈ ఒక్క కాపీ సంగతి. రిటర్న్ గడువు దగ్గరపడుతోంది, ఈ లోపు ఏదో ఒకటి తేల్చాల్సొచ్చింది, ఎలా తేల్చానో వివరంగా రాస్తే మన ఊళ్లో ఇలాంటి లెన్స్ కొనాలనుకునే ఇంకొకళ్లకి పనికొస్తుందని రాస్తున్నా.

అసలు ఇలా ఎందుకు అవుతుందంటే, ఇలాంటి జూమ్‌లో పదిహేను ఇరవై దాకా గాజు ఎలిమెంట్లు ఉంటాయి, అవి గ్రూపులు గ్రూపులుగా జూమ్ తిప్పినప్పుడల్లా ముందుకీ వెనక్కీ కదులుతుంటాయి, అన్నిటి నడిమధ్యలూ ఒకే గీత మీద ఉండాలి. ఏ ఒక్కటి ఆ గీత నుంచి వెంట్రుకవాసి పక్కకి జరిగినా, కాస్త వాలినా, ఫ్రేమ్‌లో ఒక పక్క దెబ్బతింటుంది. దీన్నే డీసెంటరింగ్ అంటారు. జూమ్ లెన్స్‌లో ఇంకో తిరకాసు ఏంటంటే గ్రూపులు కదులుతాయి కాబట్టి 24 దగ్గర ఉన్న తేడా 50 దగ్గరకొచ్చేసరికి మాయమైపోవచ్చు, 70 దగ్గర రెండో పక్కకి మారిపోవచ్చు కూడా. అందుకే 24, 50, 70 లాంటి ఏదో ఒక్క ఫోకల్ లెంగ్త్‌లో చూసి లెన్స్ మంచిదనో చెడ్డదనో చెప్పకూడదు.

కంపెనీ సైట్లో చూపించే ఎంటీఎఫ్ (ఫ్రేమ్ మధ్య నుంచి మూల దాకా షార్ప్‌నెస్ ఎంతో చూపించే) గ్రాఫులు చూసి చాలామంది లెన్స్ కొంటారు, నేనూ చూశాను. కానీ చాలా కంపెనీలు ఇచ్చేవి డిజైన్ నుంచి కంప్యూటర్‌లో లెక్కకట్టినవి, మన బాక్స్‌లో వచ్చిన లెన్స్‌ని కొలిచినవి కాదు. అమెరికాలో లెన్స్‌లు అద్దెకిచ్చే లెన్స్‌రెంటల్స్ సంస్థ పెట్టిన రోజర్ సికాలా ఒకే మోడల్ లెన్స్‌లు చాలా కాపీలు తీసుకుని ఆప్టికల్ బెంచ్ అనే లెన్స్‌లు కొలిచే యంత్రం మీద కొలిచి, కాపీకీ కాపీకీ తేడా ఉండి తీరుతుందని ఏళ్ల తరబడి రాస్తూ వచ్చారు. అంటే నాలుగు మూలలూ అచ్చంగా ఒకేలా ఉండే లెన్స్ కోసం వెతికితే జీవితాంతం పార్శిల్స్ పంపుకుంటూ కూర్చోవాలి. కాబట్టి తేడా ఉందా అన్నది కాదు నా ప్రశ్న, ఎంత ఉంది, ఎక్కడ ఉంది, నేను తీసే ఫోటోల్లో అక్కడ ఏముంటుంది అన్నది.

దానికంటే ముందు లెన్స్ కాని కారణాలన్నీ ఒక్కొక్కటిగా తీసెయ్యాలి. లేకపోతే మంచి లెన్స్ వెనక్కి పంపి దానికంటే అధ్వాన్నమైనది తెచ్చుకునే ప్రమాదం ఉంది. ముందు ఫిల్టర్ తీసేశాను. ట్రైపాడ్ మీద పెట్టినప్పుడు చేతి వణుకుని సరిచేసే స్టెబిలైజేషన్ ఆఫ్ చేశాను, లెన్స్‌లో స్టెబిలైజర్ ఉంటే అందులో ఒక గ్రూపు పక్కలకి కదులుతుంది, అది సరిగ్గా మధ్యలో లేని క్షణంలో ఫోటో తీస్తే లేని లోపం ఉన్నట్టు కనిపించొచ్చు. రా ఫైల్ (కెమెరా ఏ మార్పూ చెయ్యని ఫైల్) తీసుకుని సాఫ్ట్‌వేర్‌లో లెన్స్ కరెక్షన్ కూడా ఆపేశాను, ఎందుకంటే 24 దగ్గర వంపు సరిచెయ్యడానికి అది మూలల్ని లాగుతుంది, లాగితే కొంచెం సాఫ్ట్ అవుతాయి. కెమెరా సెన్సర్ గానీ మౌంట్ (లెన్స్ బిగించే చోటు) గానీ వంకరగా ఉన్నా ఇదే లక్షణం వస్తుంది, అందుకని అదే బాడీకి నా పాత 50 లెన్స్ పెట్టి చూశాను, రెండు వైపులా సమానంగా ఉంది, కొత్త లెన్స్‌ని ఫ్రెండ్ బాడీకి పెట్టి చూశాను, అక్కడ కూడా ఎడమవైపే. దాంతో కెమెరా మీద అనుమానం పోయింది.

ఇంకోటి ఫీల్డ్ కర్వేచర్. షార్ప్‌గా వచ్చే తలం చదునుగా కాకుండా పళ్లెంలా వంగి ఉండటం. మధ్యలో ఫోకస్ చేస్తే చివర్లు పోతాయి, చివర్లో ఫోకస్ చేస్తే మధ్య పోతుంది. వైడ్ లెన్స్‌ల్లో ఇది మామూలే, దీన్ని చూసి లెన్స్ పాడైందని కంగారుపడేవాళ్లు చాలామంది ఉన్నారు. గుర్తుపట్టడం తేలిక, కర్వేచర్ అయితే కుడి ఎడమ రెండూ ఒకేలా దెబ్బతింటాయి. ఒక్క పక్కే పోయిందంటే మాత్రం అది వేరే సంగతి.

ఇంట్లో హాల్ గోడ మీద పేపర్ క్లాసిఫైడ్స్ పేజీలు వరసగా అంటించాను. మన తెలుగు పేపర్‌ని మించిన టెస్ట్ చార్ట్ లేదని నా అభిప్రాయం, ఆ చిన్న అక్షరాల్లో ఒత్తులు, గుడులు, పొల్లులు అన్నీ ఉంటాయి, ఏ కాస్త మసకొచ్చినా వెంటనే బయటపడుతుంది. గోడ టెస్ట్‌లో అసలు కష్టం కెమెరాని గోడకి సమాంతరంగా పెట్టడం. 70 దగ్గర రెండు మీటర్ల దూరం నుంచి 2.8 లో తీస్తే వంద శాతం జూమ్‌లో కూడా షార్ప్‌గా కనిపించే మందం ఏదో కొద్ది సెంటీమీటర్లే, కెమెరా రెండు మూడు డిగ్రీలు వంకరగా ఉన్నా ఒక పక్క సాఫ్ట్ అయిపోతుంది, పాపం లెన్స్ మీద నింద పడుతుంది. దీనికి చిన్న చిట్కా ఉంది. గోడ మీద సరిగ్గా మధ్యలో చిన్న అద్దం ముక్క గోడకి ఆనుకునేలా అంటించి, వ్యూఫైండర్‌లో చూస్తే మన లెన్స్ ప్రతిబింబం ఫ్రేమ్ నడిమధ్యలో కనపడాలి. అలా కనపడేదాకా ట్రైపాడ్ సర్దుకోవాలి. అది కుదిరితే గోడా సెన్సరూ సమాంతరంగా ఉన్నట్టే. తర్వాత లైవ్ వ్యూలో (కెమెరా వెనక స్క్రీన్ మీద) పెంచి చూసి మాన్యువల్‌గా ఫోకస్, రెండు సెకన్ల టైమర్, ప్రతి షాట్‌కీ మళ్లీ మొదటి నుంచి ఫోకస్.

24 లో 2.8 దగ్గర కుడివైపు చివర ప కి వ కి తేడా స్పష్టంగా తెలుస్తోంది, ప పైన ఆ చిన్న సందు తెరుచుకుని ఉంది, క్రిందున్న ఒత్తు అక్షరానికి అంటుకోకుండా విడిగా కనిపిస్తోంది. ఎడమవైపు అదే సైజు అక్షరాల్లో ఆ సందు మూసుకుపోయింది, 'అద్దెకు' లో ద ఒత్తు పై అక్షరంతో కలిసి మరకలా ఉంది, పైగా మసక అన్ని వైపులా సమానంగా లేదు, ఒక దిక్కుకి సాగినట్టుంది. మామూలు ఫోకస్ తప్పితే మసక గుండ్రంగా ఉంటుంది, ఇలా ఒక పక్కకి లాగినట్టు ఉంటే ఎలిమెంట్ స్థానం మీద అనుమానించాల్సిందే. తర్వాత కెమెరాని తలకిందులు చేసి తీశాను, అంటే 180 డిగ్రీలు తిప్పి. గోడ తప్పయితే మసక గోడ మీద అదే చోట ఉండాలి. లెన్స్ తప్పయితే మసక లెన్స్‌తో పాటు తిరగాలి. తిరిగింది.

దగ్గర దూరంలో ఒకలా, దూరంలో ఒకలా ప్రవర్తించే లెన్స్‌లు ఉంటాయి కాబట్టి బయట కూడా చూడాలి. బెజవాడలో దీనికి ప్రకాశం బ్యారేజీని మించింది ఏముంది, 1957లో పూర్తయింది, 1,223 మీటర్ల పొడుగు, 70 గేట్లు వరసగా ఒకే కొలతలో ఒకే ఆకారంలో నిలబడి ఉంటాయి. పద్మావతి ఘాట్ వైపు నుంచి పొద్దున్నే వెళ్లాలి, ఎండ మన వెనక నుంచి పడి స్తంభాల మీద వెలుగు సమానంగా ఉంటుంది. తొమ్మిది దాటాక దండగ, ఇసుక మీద నుంచి వేడి లేచి దూరంగా ఉన్నవన్నీ వణుకుతుంటాయి, ఆ వణుకులో ఎంత మంచి లెన్స్ అయినా మసకగానే తీస్తుంది. ఆషాఢం కాబట్టి అమ్మవారికి సారె తీసుకెళ్లేవాళ్లతో కొండ కింద పొద్దున్నుంచే సందడి, బైక్ పెట్టుకోవడానికి కూడా చోటు చూసుకుని వెళ్లాలి.

అక్కడ ఇంకో జాగ్రత్త ఉంది. ఆ ఘాట్ నుంచి చూస్తే కుడివైపు ఇంద్రకీలాద్రి దగ్గర, ఎడమవైపు సీతానగరం చివర చాలా దూరం. దూరం ఎక్కువైతే గేట్లు చిన్నగా కనిపిస్తాయి, మధ్యలో గాలిలో తేమా పొగా ఎక్కువ, కాబట్టి ఒక్క ఫ్రేమ్ తీసి ఎడమవైపు మసకగా ఉందని చెప్తే అది న్యాయం కాదు. ఒకే స్తంభాన్ని ఎంచుకోవాలి. దాన్ని ఫ్రేమ్‌లో ఎడమ చివరకి తెచ్చి అక్కడే ఫోకస్ చేసి ఒకటి, కుడి చివరకి తెచ్చి అక్కడ ఫోకస్ చేసి ఒకటి, నాలుగు మూలల్లో కూడా అలాగే. వస్తువు ఒకటే, దూరం ఒకటే, వెలుతురు ఒకటే, ఫోకస్ కూడా ఎక్కడికక్కడే కాబట్టి కర్వేచర్ లెక్కలోకి రాదు. ఇంక మిగిలేది లెన్స్ ఒక్కటే. నన్నడిగితే ఒకే ఒక్క టెస్ట్ చెయ్యగలిగితే ఇదే చెయ్యమంటా, గోడలు అద్దాలు ఏవీ అక్కర్లేదు, మీ డాబా ఎక్కి దూరంగా కనిపించే ఏదో బోర్డ్ మీద అక్షరాలు తీసుకున్నా చాలు.

తేలిందేంటంటే 24 దగ్గర ఎడమ అంచు, ఎడమ పై మూల 2.8 లో బాగా దెబ్బతిన్నాయి, కింద మూల కాస్త నయం. అక్కడే ఫోకస్ చేసినా కొంచెం మెరుగుపడింది గానీ కుడివైపుని అందుకోలేదు. ఎఫ్ 4 కి ఆ తేడా కొద్దిగా తగ్గింది, 5.6 కి చాలావరకు తగ్గింది, 8 కి దాదాపు సమానం. 35 కి వచ్చేసరికి సగం పైగా పోయింది, 50 లో వెతికినా దొరకలేదు, 70 లో కుడివైపు ఇసుమంత.

ఇప్పుడు అసలు సంగతి. నేను తీసేది పెళ్లిళ్లు. 24 ఎప్పుడు వాడతాను? ఒకటి, స్టేజ్ మీద గ్రూప్ ఫోటో. ముందు కుర్చీలు, వీడియోవాళ్ల లైట్లు, వెనక్కి జరగడానికి చోటుండదు, రెండు వరసల్లో ఇరవై మందిని నిలబెట్టి 24 లోనో 28 లోనో తియ్యాల్సిందే. చివర్లో నిలబడేది ఎవరు, మేనమామలు, పెద్దమ్మలు, దూరం నుంచి రైలెక్కి వచ్చిన వాళ్లు. రెండు, జీలకర్ర బెల్లం, తలంబ్రాలు టైములో జనం మధ్యలో దూరి దగ్గర్నుంచి వైడ్‌లో తియ్యడం, అప్పుడు 2.8 లోనో 3.2 లోనో ఉంటాను. అంటే ఈ లెన్స్ ఎక్కడ బలహీనంగా ఉందో సరిగ్గా అక్కడే నేను మనుషుల మొహాలు పెడతాను.

ఒక చిన్న మాట, 24 లో చివర్న ఉన్నవాళ్లు వెడల్పుగా, సాగినట్టు కనిపించడం వేరు, అది ఏ వైడ్ లెన్స్‌లో అయినా ఉంటుంది, రెండు పక్కలా ఉంటుంది, దానికి లెన్స్ రిటర్న్ చేస్తే లాభం లేదు.

చార్ట్ మీద తేడా ఉంటే ఏంటి, ప్రింట్‌లో తెలియాలి కదా. ఇప్పుడు ఆల్బమ్‌లో గ్రూప్ ఫోటోని రెండు పేజీలు కలిపి 12 బై 36 అంగుళాల షీట్ మొత్తం పరిచేస్తున్నారు. నా కెమెరా 24 మెగాపిక్సెల్, అడ్డం 6000 పిక్సెల్స్, 36 అంగుళాలకి పరిస్తే అంగుళానికి 167 పిక్సెల్స్ కూడా రావు. అంటే దాచడానికి ఏమీ మిగలదు, ఫైల్‌లో ఎంత ఉందో అంతా కాగితం మీద కనిపిస్తుంది. డాబా మీద ఇంట్లోవాళ్లనీ పక్క ఫ్లాట్ పిల్లల్నీ వరసగా నిలబెట్టి, మా చెల్లిని ఒకసారి ఎడమ చివర, ఒకసారి కుడి చివర పెట్టి, షేక్ రాకుండా ఫ్లాష్‌తో తీశాను. ఎఫ్ 4 లో జత, 5.6 లో జత. గవర్నర్‌పేటలో ఎప్పుడూ ఇచ్చే ల్యాబ్‌లోనే ఆల్బమ్ సైజు ప్రింట్లు వేయించాను.

5.6 ప్రింట్లో చెల్లి కట్టుకున్న చీర జరీ అంచు రెండు వైపులా బాగానే వచ్చింది, నేను ముక్కు ఆనించి చూస్తే తప్ప తేడా లేదు. ఎఫ్ 4 ప్రింట్లో కుడివైపు జరీలో పోగులు విడివిడిగా మెరుస్తున్నాయి, ఎడమవైపు ఆ మెరుపు కరిగి పసుపు పట్టీలా ఉంది, కనురెప్పల వెంట్రుకలు కలిసిపోయాయి. అమ్మకి ఏమీ చెప్పకుండా ప్రింట్ చేతికిచ్చా. "ఇందులో ఇది కదిలిందేంట్రా?" అంది. లెన్స్ గురించి తెలియనివాళ్లకి కూడా ఏదో తేడా కనిపిస్తుంది, కారణం మాత్రం మనిషి మీద వేస్తారు. రేపు పెళ్లివాళ్లు ఆల్బమ్ తిరగేసి ఆ చివర పెద్దాయన కదిలిపోయాడు అనుకుంటారు, ఆయన కదల్లేదు.

గురువుగారికి చూపించాను. ఆయన దగ్గరే నేను పని నేర్చుకున్నా, రీలు కెమెరాల కాలం నుంచి ఈ పనిలోనే ఉన్నారు. ప్రింట్ చూసి "తేడా ఉందిరా, కాదనను. కానీ గ్రూప్ ఎలాగూ 5.6 లోనే తీస్తావ్ కదా, ఎందుకు తలనొప్పి. మార్చుకుంటే వచ్చేది దీనికంటే బాగుంటుందని రాసిచ్చారా ఎవరైనా?" అన్నారు. ఆ మాటలో నిజం ఉంది. రిప్లేస్‌మెంట్ అంటే ఇంకో కాపీ, అంతే, దాంట్లో మధ్యలోనే సాఫ్ట్ ఉండొచ్చు, 70 దగ్గర ఉండొచ్చు. ఇప్పుడు నా దగ్గరున్నది 35 నుంచి 70 దాకా నిజంగా మంచి లెన్స్, దాన్ని చేజేతులా వదులుకోవడం చిన్న విషయం కాదు, చాలాసేపు దీని దగ్గరే ఆగిపోయాను.

కానీ ఆలోచించిన కొద్దీ నాకు అనిపించింది ఇదీ, "గురువుగారూ, ఎప్పుడూ 5.6 లోనే తియ్యాలంటే నేను ఎఫ్ 4 జూమ్ కొనుక్కునేవాణ్ణి, బరువు తక్కువ, ధర తక్కువ. అదనంగా డబ్బు పెట్టిందే 2.8 కోసం" అన్నాను. ఆయన నవ్వి "అయితే పంపెయ్, కానీ వచ్చినదాన్ని కూడా ఇంత పట్టుగా చూడు" అన్నారు. సీనరీలు తీసేవాళ్లయితే ట్రైపాడ్ మీద ఎఫ్ 8 లో తీస్తారు కాబట్టి ఇదే కాపీని హాయిగా ఉంచుకోవచ్చు. పోర్ట్రెయిట్లు 70 లో తీసేవాళ్లకి మధ్యలో ఉన్న మొహమే ముఖ్యం, ఎడమ చివర ఎలాగూ బ్యాక్‌గ్రౌండ్ మసకే. వీడియో మాత్రమే చేసేవాళ్లకి 4కే అంటే అడ్డం 3840 పిక్సెల్సే, ఈ తేడా చాలావరకు దాగిపోతుంది. నా పనికి మాత్రం కుదరదు.

సర్వీస్ సెంటర్‌కి ఇచ్చి సరిచేయించుకోవచ్చు కదా అని కూడా అడిగారు కొందరు. పాత లెన్స్ అయితే అదే చేసేవాణ్ణి. గడువులో ఉన్న కొత్త లెన్స్‌ని విప్పించడం నాకిష్టం లేదు, పైగా కంపెనీలు ఎంత తేడా వరకు ఓకే అనుకుంటారో ఆ లెక్క బయటపెట్టవు, "స్పెసిఫికేషన్ లోపలే ఉంది" అని ఒక్క ముక్క రాసిచ్చి పంపేస్తే అప్పటికి రిటర్న్ గడువు కూడా అయిపోతుంది, అటూ ఇటూ కాకుండా పోతాం.

కొన్నచోట కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే "ప్రొడక్ట్ ఆన్ అవుతోందా సార్, ఫిజికల్ డ్యామేజ్ ఉందా సార్" అన్న రెండు ప్రశ్నల మధ్యే తిరిగారు, ఆ అమ్మాయిది తప్పు కాదు, ఆవిడ ముందున్న లిస్టులో ఎడమవైపు సాఫ్ట్ అన్న ఆప్షన్ లేదు. డిఫెక్టివ్ కింద నమోదు చెయ్యండమ్మా, ఫోటోలు పంపిస్తాను అని చెప్పి బ్యారేజీ స్తంభం జత పంపాను, ఎడమ మూలది ఒకటి కుడి మూలది ఒకటి పక్కపక్కన పెట్టి, ఒకే స్తంభం ఒకే సెట్టింగ్ అని మీద రాసి. గ్రాఫులు పంపితే ఎవరూ చదవరు, ఇది మాత్రం ఎవరికైనా కనిపిస్తుంది. రిప్లేస్‌మెంట్‌కి ఒప్పుకున్నారు. ఒకవేళ ఒప్పుకోకపోతే ఏం చెయ్యాలో కూడా చూసి పెట్టుకున్నా, 2020 ఈ-కామర్స్ రూల్స్ ప్రకారం లోపం ఉన్న వస్తువుని వెనక్కి తీసుకోనని అమ్మినవాళ్లు అనడానికి వీల్లేదు, నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915 కి ఫోన్ చేసి కంప్లయింట్ పెట్టొచ్చు. అన్‌బాక్సింగ్ వీడియో, సీరియల్ నంబర్ ఫోటో, బిల్లు దగ్గర పెట్టుకోండి, లక్ష దాటిన సరుకు ఏది కొన్నా సరే.

ఇప్పుడు హుడ్, ముందు వెనక క్యాపులు, పౌచ్, వారంటీ కార్డు అన్నీ ఏవి ఎక్కడున్నాయో అలాగే సర్దేశాను, పికప్‌కి వస్తామన్నారు. కొత్తది రాగానే ముందు 24, 2.8, అదే ఘాట్, అదే స్తంభం, ఆ తర్వాతే మిగతావి. అది కూడా ఇలాగే ఉంటే డబ్బులు వెనక్కి అడిగి షాపులో కొంటా, మన దగ్గర చాలా షాపుల్లో ఇంత ఖరీదైనది ఒక్క పీసే ఉంటుంది గానీ ముందే చెప్తే హైదరాబాద్ నుంచి ఇంకోటి తెప్పిస్తారు, రెండూ పక్కపక్కన పెట్టి చూసుకోవచ్చు. కొత్తదాంట్లో మూలలు రెండు వైపులా సమానంగా కొంచెం సాఫ్ట్‌గా ఉన్నా నాకు అభ్యంతరం లేదు, గ్రూప్‌ని కాస్త లోపలికి జరుపుకుని తీసుకుంటా, అలాంటిది వస్తే ఉంచేసుకుంటా.